బృందంగా విదేశీ ప్రయాణం: సూట్‌కేసు సర్దకముందే లగేజీ లెక్క తేల్చుకునే పద్ధతి

ఒకే విమానం, పక్కపక్క సీట్లు. అయినా ఒకరి టికెట్ మీద 23 కిలోల బ్యాగులు రెండు ఉంటాయి, పక్కవారి టికెట్ మీద చెక్-ఇన్ బ్యాగు ఒక్కటీ ఉండదు. ఎవరూ పొరపాటు చేయలేదు, ఇద్దరూ కొన్న ఛార్జీ రకాలు వేరు, అంతే. పదిమంది కలిసి విదేశానికి బయలుదేరితే ఇలాంటి తేడాలు చాలా పోగవుతాయి. టికెట్లు తలా ఒకచోట కొంటారు. దారిలో రెండు మూడు విమానాలు మారాలి. వాటిలో ఒకటి చవక ఎయిర్‌లైన్‌ది కావచ్చు. చంటిపిల్లలుంటారు, వీల్‌చైర్ కావలసిన పెద్దవాళ్లుంటారు. ఇవేవీ ముందుగా చూసుకోకపోతే కౌంటర్ ముందు నేలమీద సూట్‌కేసులు తెరిచి, వెనక క్యూ పెరుగుతుంటే, బట్టలు ఈ బ్యాగులోంచి ఆ బ్యాగులోకి మార్చుకోవాల్సి వస్తుంది.

ఆ టెన్షన్ పూర్తిగా తప్పించుకోవచ్చు. బృందం మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే తక్కువ పరిమితి ఏ విమానంలో, ఎవరి టికెట్ మీద ఉందో కనిపెట్టి, అందరూ దాని ప్రకారమే సర్దుకోవాలి. చాలామంది మొదటి విమానం పరిమితి చూసి సర్దుకుంటారు, చివరి విమానం దగ్గర ఇరుక్కుంటారు. కింద చెప్పే అడుగులన్నీ ఆ అతి తక్కువ పరిమితిని కనిపెట్టడానికి, కనిపెట్టాక దానిలోపల ఇమడడానికి.

మొదటి అడుగు: టికెట్లన్నీ ఒకరి చేతికి రావాలి

ఈ పని ఒక్కరికే అప్పగించండి. ఇద్దరు ముగ్గురు చూస్తే ఎవరో ఒకరు చూశారనుకుని అందరూ వదిలేస్తారు. ఆ ఒక్కరికి ప్రతివారూ తమ ఈ-టికెట్ పీడీఎఫ్ పంపాలి. సీటు నంబర్ల స్క్రీన్‌షాట్, ఏజెంటు పంపిన మెసేజ్ పనికిరావు. లగేజీ వివరం ఉండేది అసలు టికెట్‌లోనే.

తర్వాత ఒక పట్టిక వేయండి. ఒక్కో మనిషికి, ఒక్కో విమానానికి ఒక వరుస. అందులో పేరు, పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు), విమానం నంబరు, ఆ విమానాన్ని నిజంగా నడిపే ఎయిర్‌లైన్ పేరు (టికెట్ అమ్మిన ఎయిర్‌లైన్ వేరు కావచ్చు), చెక్-ఇన్ పరిమితి, క్యాబిన్ పరిమితి రాయండి. తిరుగు ప్రయాణం వరుసలు కూడా ఇప్పుడే రాయాలి. వెళ్లేటప్పుడు ఒక రకం ఛార్జీ, వచ్చేటప్పుడు మరో రకం ఛార్జీ కలిపి అమ్మిన టికెట్లు ఉంటాయి. అలాంటి టికెట్ మీద రానూపోనూ పరిమితి ఒకటే కానక్కర్లేదు.

టికెట్ మీద లగేజీని పొట్టి అక్షరాల్లో రాస్తారు. ‘1పీసీ’ అంటే ఒక బ్యాగు, ‘2పీసీ’ అంటే రెండు బ్యాగులు. ‘30కే’ లేదా ‘30కేజీ’ అంటే మొత్తం 30 కిలోలు. ‘0పీసీ’ అనో ‘నిల్’ అనో ఉంటే చెక్-ఇన్ లగేజీ లేనట్టే. లైట్, బేసిక్ లాంటి పేర్లున్న ఛార్జీలు కనిపిస్తే ఆ వరుస పక్కన ఎర్ర గుర్తు పెట్టండి. దూరప్రయాణాల్లో కూడా ఇప్పుడు చెక్-ఇన్ బ్యాగు లేని టికెట్లు అమ్ముతున్నారు. బృందంలో అందరికంటే చవకగా కొన్నవారి టికెట్‌నే ముందు తెరిచి చూడండి.

పది మంది, అంతకంటే ఎక్కువ ఉంటే చాలా ఎయిర్‌లైన్స్ దాన్ని గ్రూప్ బుకింగ్‌గా తీసుకుంటాయి. అప్పుడు లగేజీ పరిమితి వెబ్‌సైట్‌లో కనిపించే మామూలు పట్టికను బట్టి కాక, గ్రూప్ ఒప్పందాన్ని బట్టి ఉండవచ్చు. ఏజెంటు ద్వారా కొన్నట్టయితే ఆ పరిమితిని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ‘‘మామూలుగా ఇచ్చేదే ఇస్తారండీ’’ అన్న మాట కౌంటర్ దగ్గర చెల్లదు.

రెండో అడుగు: బరువు లెక్కా, బ్యాగుల లెక్కా?

ప్రపంచంలోని ఎయిర్‌లైన్స్ లగేజీని రెండు రకాలుగా కొలుస్తాయి. ఈ తేడా అర్థమైతే సగం పని అయినట్టే.

మొదటిది బరువు పద్ధతి. మీకు 30 కిలోలు ఇచ్చారంటే, దాన్ని ఒక బ్యాగులో పెట్టినా రెండిట్లో పెట్టినా చాలాచోట్ల అభ్యంతరం ఉండదు. మొత్తం బరువే చూస్తారు. ఆసియా, గల్ఫ్ ఎయిర్‌లైన్స్ నడిపే చాలా మార్గాల్లో ఈ పద్ధతి కనిపిస్తుంది.

రెండోది బ్యాగుల పద్ధతి. ఇందులో ఎన్ని బ్యాగులు, ఒక్కో బ్యాగు ఎంత బరువు, ఎంత పరిమాణం అన్నవి మూడూ విడివిడిగా చూస్తారు. అమెరికా, కెనడా వెళ్లే మార్గాల్లో ఎక్కువగా ఇదే. ఎకానమీలో సాధారణంగా ఒక్కో బ్యాగుకు 23 కిలోలు, బిజినెస్, ఫస్ట్ క్లాసుల్లో చాలా ఎయిర్‌లైన్స్‌లో 32 కిలోలు. ఇక్కడే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. 23 కిలోల బ్యాగులు రెండు అంటే మొత్తం 46 కిలోలు అనుకుని, ఒకదాంట్లో 27, ఇంకోదాంట్లో 19 పెడతారు. మొత్తం సరిగ్గానే ఉంది, కానీ 27 కిలోల బ్యాగు మీద అధిక బరువు రుసుము పడుతుంది. రెండో బ్యాగులో మిగిలిన 4 కిలోలు లెక్కలోకి రావు.

పరిమాణం విషయంలో తరచూ కనిపించే అంకె 158 సెంటీమీటర్లు, అంటే 62 అంగుళాలు. బ్యాగు పొడవు, వెడల్పు, మందం మూడూ కలిపి ఇంతకు మించకూడదు. చక్రాలు, పిడి కూడా కొలతలోకి వస్తాయి. పెద్ద సూట్‌కేసులు చాలావరకు ఈ గీతకు సరిగ్గా అంచున ఉండేలా తయారవుతాయి. అందుకే చుట్టూ ఉన్న అదనపు జిప్ తెరిచి లోపలి చోటు పెంచారంటే మందం పెరిగి 158 దాటిపోవచ్చు. ఆ జిప్ మూసే ఉంచండి.

రెండు పద్ధతులకూ ఉమ్మడిగా ఒక హద్దు ఉంది. ఒక్క బ్యాగు 32 కిలోలు దాటితే చాలా ఎయిర్‌లైన్స్ డబ్బు కడతామన్నా తీసుకోవు. దాన్ని విప్పి రెండు చేయాలి, లేదా కార్గోలో పంపాలి. ఆ బ్యాగుల్ని విమానం బొడ్డులోకి ఎత్తేది మనుషులే, వాళ్ల నడుములు దెబ్బతినకుండా పెట్టిన హద్దు ఇది. అందుకే కౌంటర్‌లో ఎంత బతిమాలినా దీనికి మినహాయింపు దొరకదు, అడగడం కూడా సరికాదు.

మీ పట్టికలో ప్రతి వరుస పక్కన ‘బరువు’ అనో ‘బ్యాగులు’ అనో రాసేయండి. ఒకే ప్రయాణంలో రెండూ కలిసి ఉంటే బ్యాగుల పద్ధతికి తగ్గట్టు సర్దుకోవడం మేలు. 23 కిలోలు దాటని బ్యాగు రెండు పద్ధతుల్లోనూ చెల్లుతుంది. ఆపైన బరువు పద్ధతి వరుసల్లో మొత్తం కిలోలు సరిపోతున్నాయో లేదో చూసుకుంటే చాలు.

మూడో అడుగు: దారిలో ఎవరి నియమం చెల్లుతుంది?

మూడు విమానాలు, మూడు ఎయిర్‌లైన్స్. ఎవరి పరిమితి పాటించాలి? టికెట్ ఒకటేనా, వేర్వేరా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ప్రయాణమంతా ఒకే టికెట్ మీద ఉంటే, సాధారణంగా ఒక ఎయిర్‌లైన్ నియమమే అన్ని విమానాలకూ వర్తిస్తుంది. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఐఏటీఏ 2011 నుంచి అమలు చేస్తున్న పద్ధతి ప్రకారం, ఎయిర్‌లైన్స్ పరిమితులు వేర్వేరుగా ఉన్నప్పుడు ప్రయాణంలో ముఖ్యమైన భాగాన్ని, అంటే ఖండాలు దాటే పెద్ద విమానాన్ని నడిపే ఎయిర్‌లైన్ నియమాన్ని తీసుకుంటారు. అమెరికాకు వెళ్లే, అమెరికా నుంచి వచ్చే టికెట్లకు అక్కడి రవాణా శాఖ వేరే నియమం పెట్టింది. టికెట్‌లో మొదటి విమానాన్ని ఏ ఎయిర్‌లైన్ కోడ్‌తో అమ్మారో, దాని లగేజీ నియమమే ప్రయాణం పొడవునా, తిరుగు ప్రయాణంతో సహా వర్తించాలి. ఇవన్నీ మీరు లెక్కగట్టనక్కర్లేదు. టికెట్ మీద ప్రతి విమానానికీ రాసిన పరిమితి సాధారణంగా ఈ లెక్క వేశాక వచ్చినదే. అయితే కౌంటర్‌లో ఎవరైనా తక్కువ పరిమితి చెబితే, టికెట్ చూపించి నెమ్మదిగా మాట్లాడడానికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

టికెట్లు వేర్వేరుగా కొన్నప్పుడు మాత్రం పరిస్థితి మారిపోతుంది. ఏ టికెట్ నియమం దానిదే. పెద్ద విమానంలో రెండు బ్యాగులు ఉచితంగా వచ్చినా, విడిగా కొన్న చిన్న విమానంలో 15 కిలోలో 20 కిలోలో దాటితే అక్కడ డబ్బు కట్టాల్సిందే. బృందాల్లో కొందరు ఒకే టికెట్ మీద, కొందరు విడి టికెట్ల మీద రావడం మామూలే. ఆ విడి టికెట్లవారే మీ పట్టికలో అందరికంటే బలహీనమైన వరుస.

విడి టికెట్లతో బరువుకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. బ్యాగు చివరి ఊరిదాకా దానంతటది వెళ్లకపోవచ్చు. మధ్య ఊరిలో దిగి, ఇమిగ్రేషన్ దాటి, బ్యాగు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. ఇమిగ్రేషన్ దాటాలంటే ఆ దేశపు వీసా కావలసి రావచ్చు. వీసా లేనివాళ్లు బ్యాగు దగ్గరకే చేరుకోలేరు. అందుకని విడి టికెట్లున్న ప్రతివారి విషయంలో ‘‘బ్యాగు ఎక్కడిదాకా ట్యాగ్ చేస్తారు?’’ అని ఎయిర్‌లైన్‌ను ముందే అడిగి, జవాబును పట్టికలో రాసుకోండి. ఈ ఒక్క ప్రశ్న వల్ల తప్పే కష్టం చాలా పెద్దది.

చివరి మజిలీ చిన్న విమానమైతే ఇంకా జాగ్రత్త. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల్లో అభయారణ్యాలకు వెళ్లే చిన్న విమానాల్లో చాలావరకు క్యాబిన్ బ్యాగుతో కలిపి 15 నుంచి 20 కిలోలే అనుమతిస్తారు. అదీ గట్టి సూట్‌కేసు కాదు, నొక్కితే ఒదిగే మెత్తటి సంచి అయి ఉండాలి. అలాంటి మజిలీ ఉంటే పెద్ద సూట్‌కేసుల్ని మధ్య ఊరి హోటల్లో దాచి వెళ్లే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

నాలుగో అడుగు: బృందం బరువు కలుపుకోవచ్చా?

ఇది అందరూ అడిగేదే. ‘‘మా నాన్నగారి బ్యాగు 12 కిలోలే, నాది 35. కలిపి చూస్తే సరిపోతుంది కదా?’’

బరువు పద్ధతిలో చాలా ఎయిర్‌లైన్స్ ఒప్పుకుంటాయి. కాకపోతే ఒకే బుకింగ్ మీద ఉండాలి, ఒకేసారి కౌంటర్‌కు రావాలి, ఒకే గమ్యానికి వెళ్లాలి. నలుగురికి 30 చొప్పున 120 కిలోలు అన్నమాట. అయినా ఒక్క బ్యాగు 32 దాటకూడదన్న హద్దు అలాగే ఉంటుంది, కాబట్టి పైన అడిగిన 35 కిలోల బ్యాగు అప్పుడు కూడా విప్పాల్సిందే. వేర్వేరు పీఎన్ఆర్‌లవాళ్లు కలుపుకోవడానికి కొన్ని ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవు. కొన్ని చవక ఎయిర్‌లైన్స్ అసలు కలపనివ్వవు. బృందం నాలుగైదు పీఎన్ఆర్‌లుగా చీలి ఉంటే, బరువు సర్దుబాటును ఒక్కో పీఎన్ఆర్ లోపలే ముగించండి. అలా అయితే కౌంటర్‌లో ఏం చెప్పినా ఇబ్బంది ఉండదు.

బ్యాగుల పద్ధతిలో కిలోలు కలపడం కుదరదు. ఒక బ్యాగు తేలికగా ఉంది కదా అని ఇంకో బ్యాగుకు సడలింపు రాదు. ఇక్కడ బృందానికి నిజంగా డబ్బు మిగిల్చే లెక్క వేరే ఉంది. ఆరుగురు, తలా ఒక బ్యాగు, ఒక్కొక్కటీ 3 కిలోలు ఎక్కువ అనుకుందాం. అలాగే తీసుకెళ్తే ఆరు అధిక బరువు రుసుములు. అదే ఆ ఆరు బ్యాగుల్లోంచి 3 కిలోల చొప్పున తీసి, 18 కిలోలూ ఒక కొత్త బ్యాగులో పెడితే కట్టాల్సింది ఒకే ఒక్క అదనపు బ్యాగు రుసుము. ఖాళీ బ్యాగు సొంత బరువు కలిపినా అది 23 లోపే ఉంటుంది. అధిక బరువు, అధిక పరిమాణం, అదనపు బ్యాగు అనే రుసుములు మూడూ ఒకే బ్యాగు మీద ఒకదానిపై ఒకటి పడగలవు కూడా. ఒక బ్యాగును బరువెక్కించడం కంటే ఇంకో బ్యాగు కొనడం దాదాపు ఎప్పుడూ చవకే. మీ ఎయిర్‌లైన్ రుసుముల పట్టిక పక్కన పెట్టుకుని ఒకసారి లెక్క చూసుకోండి.

కలుపుకునేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. బ్యాగు ట్యాగ్ ఎవరి పేరుమీద పడితే, కస్టమ్స్ దగ్గర ఆ బ్యాగులో ఉన్నవాటికి జవాబు చెప్పాల్సింది వాళ్లే. బృందానికి నాయకుడు కదా అని పదిహేను బ్యాగులూ ఒకరి పేరుమీద ట్యాగ్ చేయించడం ఆ మనిషికి అన్యాయం. ఎవరి బ్యాగు వారి పేరుమీదే పడేలా చూడండి. లోపల ఏముందో మీ కళ్లతో చూడని పొట్లాన్ని, ఎంత దగ్గరివాళ్లు ఇచ్చినా, మీ పేరున తీసుకోవద్దు.

మరోవైపు, బాగా తెలిసిన కుటుంబం లోపల వస్తువుల్ని కావాలనే కలిపి సర్దడం మంచి ఉపాయం. ప్రతివారి ఒక జత బట్టలు ఇంకొకరి బ్యాగులో పెడితే, ఒక బ్యాగు ఆలస్యమైనా ఎవరూ కట్టుబట్టలతో మిగలరు. ఇంకొకరి బ్యాగులో ఉన్న మీ వస్తువులు పోతే మీరూ పరిహారం అడగవచ్చని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2012లో తీర్పిచ్చింది. అయితే అవి ఆ బ్యాగులోనే ఉన్నాయని మీరు రుజువు చేయాలి. సర్దేటప్పుడు ఫోన్‌తో తీసిన ఫొటో అప్పుడు చాలా ఉపయోగపడుతుంది.

బరువు తగ్గించే మార్గం కూడా బృందంలోనే ఉంది. హెయిర్ డ్రయర్, ఇస్త్రీపెట్టె, ప్లగ్ అడాప్టర్లు, ప్రథమ చికిత్స పెట్టె, గొడుగులు, షాంపూ సీసాలు తలా ఒకటి అక్కర్లేదు. ఎవరు ఏది తెస్తారో పంచుకుంటే ఒక్కొక్కరికి కిలో, రెండు కిలోలు సులువుగా తగ్గుతాయి. రోజూ వేసుకునే మందులు మాత్రం ఎవరివి వారి చేతి బ్యాగులోనే ఉండాలి, డాక్టరు రాసిన చీటీతో సహా. ఇందులో సర్దుబాటు వద్దు.

చంటిపిల్లల సంగతి టికెట్‌లో విడిగా చూడండి. సీటు లేకుండా ఒళ్లో కూర్చునే పాపకు పెద్దవాళ్లంత పరిమితి ఉండదు. చాలా ఎయిర్‌లైన్స్ బరువు పద్ధతిలో 10 కిలోలు ఇస్తాయి, కొన్ని అదీ ఇవ్వవు. మడిచే తోపుడుబండిని ఎక్కువ ఎయిర్‌లైన్స్ ఉచితంగానే తీసుకుంటాయి. వీల్‌చైర్‌కు, ఊతకర్రలకు రుసుము ఉండదు. బ్యాటరీతో నడిచే వీల్‌చైర్ అయితే బ్యాటరీ వివరాలు ముందుగా తెలియజేయాలి.

అయిదో అడుగు: చేతి బ్యాగు

చెక్-ఇన్ లెక్క అయ్యాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు తేడాలు ఎక్కువగా ఉన్నది క్యాబిన్ బ్యాగులోనే. ఎమిరేట్స్ ఎకానమీలో ఒక బ్యాగు, 7 కిలోలు. లుఫ్తాన్సాలో 8 కిలోలు. ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం ఎకానమీలో పెద్దదీ చిన్నదీ కలిపి 12 కిలోలు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 23 కిలోల వరకు ఒప్పుకుంటుంది, అయితే పైన అరలోకి మీరే ఎత్తగలగాలి. అమెరికా పెద్ద ఎయిర్‌లైన్స్ బరువుకంటే పరిమాణం మీద పట్టుగా ఉంటాయి: 56, 36, 23 సెంటీమీటర్లు. యూరప్ చవక ఎయిర్‌లైన్స్‌లో ఉచితంగా వచ్చేది సీటు కింద పట్టే చిన్న సంచి మాత్రమే. రయాన్‌ఎయిర్, విజ్ ఎయిర్ కొలత 40, 30, 20 సెంటీమీటర్లు, ఈజీజెట్ కొలత 45, 36, 20. చక్రాల క్యాబిన్ బ్యాగు తీసుకెళ్లాలంటే అక్కడ విడిగా డబ్బు కట్టాలి. కట్టకుండా గేటు దాకా వెళ్తే అక్కడ పడేది అన్నిటికంటే పెద్ద రుసుము. ఈ అంకెలు మారుతుంటాయి కాబట్టి మీ టికెట్‌తో మరోసారి పోల్చుకోండి.

దీన్నిబట్టి నా గట్టి అభిప్రాయం ఒకటి. 7 కిలోల పరిమితి ఉన్నప్పుడు చక్రాల బ్యాగు వద్దు. దాని ఖాళీ బరువే రెండున్నర, మూడు కిలోలు. మీకు మిగిలేది నాలుగు. అదే మెత్తటి బ్యాక్‌ప్యాక్ చాలావరకు ఒక కిలో లోపే ఉంటుంది. నడుము నొప్పి ఉన్నవారికి మాత్రం చక్రాలే కావాలి, వాళ్ల సామాను కొంత మిగతావాళ్లు పంచుకోవచ్చు.

పెద్ద బృందం ఆలస్యంగా విమానం ఎక్కితే పైన అరలు అప్పటికే నిండిపోయి ఉంటాయి. అప్పుడు చేతి బ్యాగుల్ని గేటు దగ్గరే తీసుకుని కింద వేస్తారు. అలా ఇవ్వాల్సి వస్తే పాస్‌పోర్టు, మందులు, డబ్బు, పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు బయటికి తీయాలి. ఇవన్నీ ఒక చిన్న సంచిలో వేసి, ఆ సంచిని చేతి బ్యాగులో అన్నిటికంటే పైన ఉంచండి. లాగితే వచ్చేయాలి.

పవర్ బ్యాంకుల నియమాలు 2025లో చాలా గట్టిపడ్డాయి. ఆ ఏడాది జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం బయలుదేరబోతూ కాలిపోయింది. తర్వాత కొరియా పవర్ బ్యాంకుల్ని పైన అరల్లో పెట్టడం నిషేధించింది. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి ఒక్కొక్కరికి ఒకే పవర్ బ్యాంకు అంటోంది, విమానంలో దాన్ని వాడనివ్వదు. ఏ ఎయిర్‌లైన్ అయినా అవి చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ బ్యాగులో ఎప్పుడూ కాదు. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే విద్యుత్తు కొలత) వరకు మామూలుగా అనుమతి ఉంది. 100 నుంచి 160 మధ్య ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి, ఆపైన నిషేధం. మీ పవర్ బ్యాంకు మీద ఎంఏహెచ్ మాత్రమే ఉంటే దాన్ని 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, ఇబ్బంది లేదు. 30,000 అంటే 111, అంటే అనుమతి కావాలి. అంకె అరిగిపోయి కనిపించకపోతే తనిఖీలో తీసేసుకునే అవకాశం ఉంది. బ్యాటరీ ఉన్న స్మార్ట్ సూట్‌కేసు అయితే ఆ బ్యాటరీ ఊడి రావాలి.

ద్రవాల నియమం తెలిసినదే. సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు, అన్నీ కలిపి లీటరు సంచిలో పట్టాలి. చూసేది సీసా పరిమాణం, లోపల ఎంత మిగిలిందన్నది కాదు. కొన్ని విమానాశ్రయాలు కొత్త స్కానర్లతో ఈ నియమం సడలించాయి, కానీ తిరుగు ప్రయాణంలోని విమానాశ్రయం సడలించి ఉండకపోవచ్చు. పాత నియమానికే సర్దుకుంటే ఎక్కడా ఆగరు.

ఆరో అడుగు: తూకం, అదనపు లగేజీ కొనుగోలు

చేత్తో పట్టుకునే లగేజీ తూకం ఒకటి బృందానికంతా చాలు. దాన్ని నమ్మేముందు పరీక్షించండి. లీటరు నీరు కిలో బరువు కాబట్టి, ముందు ఖాళీ సీసాలతో సంచిని తూచి, తర్వాత వాటిలో 10 లీటర్ల నీళ్లు నింపి తూచండి. రెండు అంకెల మధ్య తేడా 10 రావాలి. అర కిలో తేడా ఉంటే ఆ సంగతి గుర్తుపెట్టుకుని లెక్క వేసుకోవాలి. ఎవరి ఇంట్లో వాళ్లు వేర్వేరు తూకాలతో చూసుకుంటే అంకెలు కలవవు. బయలుదేరే ముందు రోజు అందరి బ్యాగులూ ఒకే తూకం మీద పెట్టడం కుదిరితే అలాగే చేయండి. 23 అన్నచోట 22 దగ్గర ఆపండి. ఖాళీ పెద్ద సూట్‌కేసు నాలుగైదు కిలోలు ఉంటుంది కాబట్టి సర్దకముందే దాన్నీ తూచాలి. పాత బరువైన సూట్‌కేసును వదిలి తేలికదాన్ని తీసుకుంటేనే కొందరికి సమస్య తీరిపోతుంది.

తూచాక పరిమితి చాలదని తేలితే అదనపు లగేజీని ఆన్‌లైన్‌లో ముందే కొనండి. చాలా ఎయిర్‌లైన్స్‌లో ముందు కొంటే తక్కువ, కౌంటర్‌లో ఎక్కువ, గేటు దగ్గర అన్నిటికంటే ఎక్కువ. ఆన్‌లైన్‌లో కొనడానికి గడువు కూడా ఉంటుంది, విమానానికి కొన్ని గంటల ముందే అది మూసుకుపోతుంది. గ్రూప్ బుకింగ్‌లలో కొన్నిసార్లు ఆన్‌లైన్ కొనుగోలు పనిచేయదు, ఏజెంటు ద్వారానే కొనాలి. ఆ పనికి రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి.

తిరుగు ప్రయాణానికి ఇప్పుడే చోటు వదలాలి. వెళ్లేటప్పుడు పూర్తి పరిమితి వాడుకున్నవారు వచ్చేటప్పుడు కచ్చితంగా దాటుతారు. మడిస్తే గుప్పెట్లో పట్టే ఖాళీ సంచి ఒకటి తీసుకెళ్లి, తిరిగి వచ్చే టికెట్ మీద బృందానికి ఒకటో రెండో అదనపు బ్యాగులు ముందే కొనుక్కోవడం నయం. అక్కడ ఏం కొంటారో ఎవరికీ తెలియదు, కానీ ఏదో ఒకటి కొంటారు.

ఏడో అడుగు: కౌంటర్ దగ్గర, ఆ తర్వాత

ఒకే పీఎన్ఆర్‌వాళ్లు ఒకచోట నిలబడండి. బ్యాగు వేసే ముందు దాని ఫొటో, వేశాక ట్యాగ్ ఫొటో తీయండి. ట్యాగ్ మీద రెండు సంగతులు చూడాలి. మొదటిది, పెద్ద అక్షరాల్లో ఉండే మూడక్షరాల విమానాశ్రయం కోడ్. అది మీ చివరి గమ్యానిదేనా? లండన్ హీత్రో అయితే ఎల్‌హెచ్‌ఆర్, దుబాయ్ అయితే డీఎక్స్‌బీ. రెండోది, పదంకెల ట్యాగ్ నంబరు. బ్యాగు ఆచూకీ మొత్తం ఆ నంబరు మీదే ఆధారపడి ఉంటుంది. రసీదులన్నీ బృంద నాయకుడి జేబులో పెట్టుకోవద్దు, ఎవరివి వారికి ఇచ్చి, ఫొటోలు మాత్రం ఒకరి ఫోన్‌లో ఉంచండి. పాత ప్రయాణాల ట్యాగులు, స్టిక్కర్లు ముందే పీకేయాలి. అవి స్కానర్లను తికమక పెడతాయి.

అమెరికాకు వెళ్తే సాధారణంగా మొదట దిగిన విమానాశ్రయంలోనే బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటి, తర్వాతి విమానానికి మళ్లీ అప్పగించాలి. చివరి ఊరికి ట్యాగ్ చేసినా సరే. ఈ సంగతి బృందంలో ప్రతివారికీ విడిగా చెప్పండి, ముఖ్యంగా మొదటిసారి వెళ్లేవారికి. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాల్ని అక్కడే చెక్-ఇన్ బ్యాగులోకి మార్చేయాలి. లేకపోతే తర్వాతి తనిఖీలో పోవచ్చు.

బ్యాగు రాకపోయినా, విరిగి వచ్చినా విమానాశ్రయం దాటి బయటికి రాకముందే ఎయిర్‌లైన్ లగేజీ కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించండి. మిగతా బృందం బస్సు ఎక్కి ఎదురుచూస్తోందని తొందరపడి వచ్చేయొద్దు. ఎవరో ఒకరు తోడు ఉండి రాయించాలి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉన్న దేశాల మధ్య ప్రయాణాల్లో, దెబ్బతిన్న బ్యాగుకు అది చేతికొచ్చిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా వచ్చినదానికి వచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టు లెక్క. పరిహారానికి పై హద్దు 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం, దాని విలువ రోజూ ప్రకటిస్తారు. ఈ హద్దు ఒక ప్రయాణికుడికి వర్తిస్తుంది, బ్యాగుకు కాదు, కిలోకు కాదు. అంతకంటే విలువైనది చెక్-ఇన్ చేయక తప్పకపోతే, కౌంటర్‌లోనే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టే వీలు ఉంది. అయినా నగలు, కెమెరాలు, ముఖ్యమైన కాగితాలు చేతి బ్యాగు దాటి వెళ్లకూడదు.

బ్యాగు వచ్చేలోపు కొనుక్కున్న బట్టలు, అవసరమైన సామాన్ల బిల్లులన్నీ దాచండి. ఒకే కుటుంబంలో ముగ్గురి బ్యాగులు ఆలస్యమైతే ముగ్గురి పేర్లతో మూడు ఫిర్యాదులు రాయించండి, బిల్లులు కూడా ఎవరివి వారికి విడిగా తీసుకోండి.